దిగొచ్చిన పూట

నేపాల్లో అన్నపూర్ణ కొండల చుట్టూ తిరిగే కాలిబాటలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు థొరాంగ్ లా కనుమ. 5,416 మీటర్లు. దాన్ని దాటిన ఉదయం నాకు బాగానే గుర్తుంది. కానీ నాకు నడక నేర్పింది మాత్రం, దాటకుండా వెనక్కి దిగొచ్చిన పూట.

బేసీసహర్ దగ్గర, 760 మీటర్ల ఎత్తున, వరిమళ్ల పక్కన మొదలుపెట్టాను. మర్స్యాంగ్దీ నది వెంబడి పైకి పోతుంటే మళ్లు పోయి పైన్ చెట్లొచ్చాయి. మనాంగ్ చేరేసరికి చెట్లు కూడా పలచబడి, గాలి పొడిబారింది. దారి పొడవునా బస, భోజనం దొరుకుతాయి కాబట్టి గుడారం మోయక్కర్లేదు. నా సంచీ తొమ్మిది కిలోలే. అంత తేలిగ్గా ఉందన్న ధీమాతోనే తొందరపడ్డాను.

పైకి పోయేకొద్దీ గాలిలో ప్రాణవాయువు పాలు మారదు, గాలి ఒత్తిడే తగ్గుతుంది. ఆ కనుమ మీద అది సముద్రమట్టంతో పోలిస్తే ఇంచుమించు సగం. కాళ్లలో ఎంత బలమున్నా దానికి ప్రయోజనం లేదు. ఒంటికి కావలసింది రోజులు. అందుకే 3,000 మీటర్లు దాటాక, ఇవాళ పడుకున్న చోటికీ రేపు పడుకోబోయే చోటికీ 500 మీటర్లకు మించి తేడా ఉండకూడదంటారు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగమంటారు. మనాంగ్‌లో అందరూ ఆ రోజు ఆగుతారు. నేను ఆగలేదు.

దాదాపు 4,900 మీటర్ల ఎత్తునున్న హైక్యాంప్ చేరిన సాయంత్రం తల పగిలిపోతోంది. అలసటేలే అని సర్దిచెప్పుకున్నాను. బస నడిపే దీదీ నా ముఖం చూడలేదు, పళ్లెం చూసింది. దాల్ భాత్ పెట్టింది పెట్టినట్టే ఉంది. ‘లేక్ లాగ్యో’ అంది. మనం వడదెబ్బ తగిలిందంటామే, అలా వాళ్లకు ఎత్తు తగులుతుంది. ‘వెలుతురుండగానే కిందికి పో భాయ్, ఇక్కడ నిద్రపోకు’ అని తన కొడుకును తోడిచ్చి పంపింది. నాలుగు వందల మీటర్లు దిగి థొరాంగ్ ఫేదీలో పడుకున్నాను. కష్టపడి ఎక్కినదంతా గంటలో పోగొట్టుకుంటున్నానని దారంతా కుమిలిపోయాను. తెల్లారేసరికి తలనొప్పి లేదు, ఆకలేసింది.

ఆ రోజంతా ఫేదీలోనే, పొయ్యి పక్కన గడిపాను. 2014 అక్టోబర్ మంచు గురించి అక్కడే విన్నాను. నడకకు అక్టోబర్‌ను మించిన నెల లేదంటారు. వానలు వెళ్లి ఆకాశం తేటగా ఉంటుంది. అలాంటి నెలలో, 14వ తేదీన, కనుమ మీద మనిషి ఎత్తున మంచు పడింది. పైనున్న టీకొట్టులో తలదాచుకున్నవాళ్లలో కొందరు ఎలాగైనా ముక్తినాథ్ వైపు దిగిపోదామని బయల్దేరి, ఆ తెల్లటి చీకట్లో దారి తప్పారు. ఆ మంచుకూ, ఆ ప్రాంతంలో విరిగిపడిన మంచుచరియలకూ నలభై మందికి పైగా బలయ్యారు. నడిచేవాళ్లే కాదు, దారి చూపేవాళ్లూ, బరువు మోసేవాళ్లూ పోయారు.

ఆ తేదీ వినగానే నా చేతిలో టీగ్లాసు ఆగిపోయింది. నాది విశాఖపట్నం. అదే అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీద పడింది. తలుపు విరిగిపోకుండా ఇంటిల్లిపాదీ వీపులానించి నిలబడ్డాం. ఊళ్లో చెట్టన్నది మిగల్లేదు. తుఫాను తీరం దాటిందన్నారు, బలహీనపడిందన్నారు, మేం కరెంటు కోసం ఎదురుచూపుల్లో పడ్డాం. మేం వదిలేసిన ఆ తుఫాను ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి పోయి, రెండు రోజులకు ఈ కొండల్ని తాకింది. మా దగ్గర వానగా కురిసిన సముద్రం ఇక్కడ మంచై కురిసింది. విశాఖ నుంచి తిన్నగా ఉత్తరానికి గీత గీస్తే, 1,200 కిలోమీటర్ల అవతల ఆ గీత ఈ కనుమకు కాస్త పడమరగా పోతుంది.

మూడోనాడు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాను. పొద్దెక్కితే కనుమ మీద గాలి లేస్తుంది. ఈసారి అడుగుకో ఊపిరి చొప్పున నడిచాను. కనుమ దాటి 1,600 మీటర్లకు పైగా దిగితే ముక్తినాథ్. అక్కడి నూటెనిమిది ధారల కింద తడుస్తూ మన తెలుగు యాత్రికులు కనిపించారు. జోమ్‌సోమ్ దాకా విమానంలో వచ్చారట. ‘నడిచొచ్చావా నాయనా, ఎన్నాళ్లు పట్టింది?’ అని ఒక పెద్దావిడ అడిగింది. పద్నాలుగు రోజులని చెప్పాను. ఆగిన రోజును కూడా కలిపే చెప్పాను.

ఇప్పుడు నడక నేర్చుకోవాలని వచ్చే పిల్లలు నన్ను బూట్ల గురించీ సంచుల గురించీ అడుగుతారు. అవి చెప్పాక, మా విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్తాను. అల్పపీడనం వార్త వచ్చిన రోజున అక్కడ పడవలు వరసగా కట్టేసి ఉంటాయి. వేటకు పోకపోతే ఆ పూట కూలి లేదు. అయినా మా జాలర్లు ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. వాళ్లను పిరికివాళ్లని ఈ ఊళ్లో ఎవరూ అనరు.