మేక వెంట్రుక దాకా పోయి చూడాలి

మా నల్లగొండ జిల్లా కట్టంగూర్‌లో హైవే దిగి చెలకల్లోకి పోతే గుండ్లు, తాటిచెట్లు, తుమ్మలు, వాటి మధ్య మేకల మంద. పొద్దుగూకే వేళ ముందుకాళ్లు తుమ్మకొమ్మకు ఆనించి నిలబడ్డ మేక ఒక్క క్షణం మనిషిలా కనపడుతుంది. చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ బొమ్మల్లో ఆ క్షణం అట్లాగే నిలిచిపోతుంది.

ఆయనది ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్, పుట్టింది 1940లో. హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రం, ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. బయటి లోకం చూసి వచ్చిన కళ్లకు సొంతూరు కొత్తగా కనిపించింది. 1970ల నాటి నలుపు తెలుపు బొమ్మల్లో మనిషికీ, మేకకూ, చెట్టుకూ మధ్య గట్టు చెరిగిపోయింది. కోరిక కూడా అక్కడ సిగ్గుపడదు. చెట్టు పూసినంత సహజంగా ఉంటుంది.

ఇట్లా నిజంలో వింతను కలిపే తీరును మ్యాజిక్ రియలిజం అంటారు. ఆ మాట వింటే మనకు మార్క్వెజ్ నవలలే గుర్తొస్తాయి. ఆ పేరు ముందు పుట్టింది బొమ్మల కోసమే. 1925లో జర్మన్ విమర్శకుడు ఫ్రాంజ్ రో పెట్టాడు. లక్ష్మాగౌడ్‌కు ఆ ముద్ర వేయాలని నాకు లేదు. ఆయన కల ఈ మట్టిలో మొలిచింది.

ఆ కలను నమ్మించేది గీత. ఎచ్చింగ్ అనే అచ్చు పద్ధతిలో లోహపు పలకకు మైనం లాంటి పూత పూసి, సూదితో గీకి, ఆసిడ్‌లో ముంచుతారు. సూది తగిలిన చోటే ఆసిడ్ లోహాన్ని తినేస్తుంది. గాడిలో సిరా నింపి, పైసిరా తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కితే బొమ్మ కుడిఎడమలు మారి అచ్చవుతుంది. పలక మీద పడ్డ గీతను తుడిచేయడం తేలిక కాదు. అయినా ఆయన చేతిలో మేక ఒంటి మీది వెంట్రుకలు సన్నగా, దగ్గరదగ్గరగా, ఒంటి మలుపు వెంటే వంగుతాయి. చెట్టు బెరడుకు ఒక తీరు, ముడతలు పడ్డ చర్మానికి ఇంకో తీరు. వెంట్రుక నిజమైంది కాబట్టే ఆ మేకకు మనిషి చూపు పెట్టినా కాదనలేం.

మా నల్లగొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దు కదిలినా గర్భగుడిలో పడే నీడ కదలదు. అది మాయ కాదు, స్తంభాలను కొలిచి నిలిపిన శిల్పుల పని. లక్ష్మాగౌడ్ గీతను చూస్తే నాకు ఆ కొలతే గుర్తొస్తుంది.

2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన అసలు ప్రింటు ఎక్కడైనా ఎదురుపడితే జానెడు దూరంలో నిలబడి చూడండి. ఫోన్ తెర మీద ఆ వెంట్రుకలు కనపడవు.