చీల్చే గొడ్డలి

గొడ్డలి చేతికి రాగానే బొటనవేలితో అంచు తడిమి పదును చూడటం చాలామందికి అలవాటు. చెట్టు నరకడానికైతే సరే. పొయ్యిలోకి మొద్దులు చీల్చే గొడ్డలికి పదును చివర్లో చూసుకోవచ్చు, ఆకురాయి పడితే వచ్చేస్తుంది. ముందు చూడాల్సింది అంచు వెనక ఇనుము ఎంత లావెక్కుతోందన్నది. నరికే గొడ్డలి నారను అడ్డంగా తెంపాలి కనుక పలుచగా ఉంటుంది. దాంతో నిలబెట్టిన మొద్దును కొడితే దిగబడి ఇరుక్కుంటుంది, పెరికేసరికి భుజాలు పడిపోతాయి. చీల్చేదానికి బుగ్గలుండాలి. నారను రెండు పక్కలకీ నెట్టేవి అవే.

బరువైనదే మంచిదనే మాట నేను ఒప్పుకోను. బరువు రెట్టింపైతే దెబ్బలో శక్తి రెట్టింపే. వేగం రెట్టింపైతే నాలుగింతలు. మూడు కిలోల తలను ఆయాసపడుతూ ఎత్తి దించేకంటే, కిలోన్నర నుంచి రెండు కిలోల తలను నిండు వేగంతో దించడం మేలు. సాయంత్రానికి నడుమూ మిగులుతుంది.

నా పట్టింపంతా కామ మీదే. నల్లతుమ్మ చేవతో చేసింది, రెండున్నర మూడడుగుల పొడవు, ఎక్కడా ముడి లేనిది కావాలి. నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా సాగాలి. మధ్యలో పక్కకు జారిపోయిందా, ఏదో ఒక రోజు సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఎగిరిన తల ఎదురుగా ఉన్న పిల్లాడికే తగలొచ్చు. అందుకే రంగు పూసిన కామ నేను కొనను. రంగు కింద నార కనబడదు. వదులైన గొడ్డలిని రాత్రంతా నీళ్లలో నానేసే అలవాటు కూడా మానాలి. కర్ర ఉబ్బి బిగుసుకున్నట్టే ఉంటుంది, ఎండలో ఆరాక మునుపటికంటే వదులవుతుంది. కన్నులో చీల కొట్టించండి.

ఉక్కు సంగతికొస్తే, లారీ కమాను పట్టీతో సాగగొట్టిన గొడ్డలి నాకిష్టం. అంచు మరీ గట్టిపడితే పెచ్చులూడుతుంది, మెత్తబడితే మడత పడుతుంది. ఆ మధ్య పాకం పట్టుకున్న కమ్మరి మన ఊళ్లో ఉంటే ఆయన కొలిమి ఆరకుండా చూసుకోవాల్సింది మనమే. ధర చెప్పేముందు ‘ఏం కట్టె కొడతారండీ?’ అని అడిగే కమ్మరిని నేను కళ్లు మూసుకుని నమ్ముతాను.

ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. సరుగుడు మొద్దు, అందులోనూ పచ్చిది, మామూలు గొడ్డలికే పగులుతుంది. ఎండి బీటలిచ్చిన మొద్దయితే బీట వెంబడే కొట్టాలి. చింత మాత్రం వేరు. దాని నార ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటుంది. మాంసం కొట్లలో దిమ్మలు దానితోనే చేసేది అందుకే. చింత మొద్దు దొరికితే నేను గొడ్డలి ఎత్తను. మోకాలెత్తున కోయించి, మిగతా కట్టెలు కొట్టుకోవడానికి కింద దిమ్మగా వేసుకుంటాను.