పెగ్మటైటులో బెరిల్ జాడ: రెండు గ్రంథముల పరిశీలన

పలుగురాళ్ల దిబ్బలో ఆరు పలకల నీలిరాయి ఒక్కటి దొరికినచో ఆ నేల ధర మరునాటికే పెరుగును. ఆ రాయి పుట్టిన శిల ఎంత లోతునకు పోయినదో, అందు అట్టివి మరికొన్ని ఉన్నవో లేవో విచారించువారు తక్కువ. ఈ విచారణకు ఒక పద్ధతి ఏర్పరచిన గ్రంథము ‘గ్రానైటు పెగ్మటైటుల అంతర్నిర్మాణము’. కామెరాన్, జాన్స్, మెక్‌నెయిర్, పేజ్ అను నలుగురు అమెరికా భూవిజ్ఞానులు, రెండవ ప్రపంచయుద్ధ కాలమున జరిగిన గనుల పరిశీలనను ఆధారము చేసికొని, 1949లో దీనిని ప్రకటించిరి.

గ్రానైటుగా మారు శిలాద్రవము చాలవరకు గడ్డకట్టిన పిమ్మట కొంత ద్రవము మిగులును. నీరు, బోరాన్, ఫ్లోరిన్, లిథియం, బెరీలియం వంటివి సామాన్య ఖనిజములలో ఇముడక ఈ శేషద్రవమున చేరును. అది పగుళ్లలోనికి చొచ్చి ఘనీభవించినదే పెగ్మటైటు. ఇందలి స్ఫటికములు ఒక్కొక్కప్పుడు నమ్మశక్యము కానంత పెద్దవి. దక్షిణ డకోటాలోని ఎట్టా గనిలో స్పాడ్యుమీను స్ఫటికమొకటి 14 మీటర్ల పొడవుండెను.

వేడినీటి ద్రావణములు పాత ఖనిజములను తినివేసి క్రొత్తవానిని నిలుపుటచేతనే ఈ శిల ఇట్లైనదని వెనుకటివారు పలువురు తలచిరి. ఈ నలుగురు ఆ వాదమును దాని హద్దులో ఉంచిరి. పెగ్మటైటు గోడలనుండి లోపలికి పొరలుగా గడ్డకట్టునని, అంచు, గోడ, మధ్యభాగము, గర్భము అనునవి కొబ్బరికాయలోని పీచు, చిప్ప, కొబ్బరి వలె ఒకదానిలోపల ఒకటి ఉండునని వారి మతము. గూడూరు, రాపూరు ప్రాంతముల అభ్రకపు గనులను చూచినవారికి ఈ విభజన విలువ వెంటనే తెలియును. అభ్రకము శిలయంతట సమముగా చల్లినట్లుండదు. బెరిల్ కూడ అంతే. తరచుగా పలుగురాతి గర్భమును అంటిపెట్టుకొని ఉండును. పొర తెలిసినవాడు శిలనంతయు తవ్వనక్కరలేదు.

అయితే ఇది యుద్ధావసరమునుండి పుట్టిన గ్రంథము. లోహమునకై తీయు బెరిల్ మసకగా ఉన్నను చెల్లును, బరువే ప్రధానము. రత్నమునకు కావలసినది తేటదనము. పొరల పటము బెరిల్ ఎచ్చట ఉండునో చెప్పునుగాని, అది తేటగా ఉండునో లేదో చెప్పదు. మంచి రాళ్లు పెక్కు గర్భము దగ్గరి బోలు గుహికలలో, స్ఫటికము స్వేచ్ఛగా పెరుగుటకు తావున్నచోట దొరకును.

ఈ కొరతను జాన్స్ తానే కొంత తీర్చెను. 1951లో రైట్‌తో కలిసి ఆయన కాలిఫోర్నియాలోని పాలా ప్రాంతమును గూర్చి వ్రాసిన నివేదిక టూర్మలీను, కుంజైటు, గులాబిరంగు బెరిల్ దొరకు పెగ్మటైటులను గూర్చినది. ఊదారంగు లెపిడొలైటు, రేకులవంటి ఆల్బైటు, రంగుల టూర్మలీను కనబడినచో గుహిక దగ్గరలో ఉండవచ్చును. ఉన్నను, అందు రత్నము లేకపోవుటయే ఎక్కువ. రత్నాన్వేషి మొదటి గ్రంథముకంటె ఈ చిన్న నివేదికనే ముందుగా చదువుట మేలు.

రెండవ లోపము పేరులోనే ఉన్నది. గ్రంథకర్తల దృష్టి అంతర్నిర్మాణముపైననే. పచ్చ కూడ బెరిలే; కాని దానికి రంగునిచ్చు క్రోమియం పెగ్మటైటున బహు అరుదు, అది ప్రక్కశిలనుండి రావలెను. రాజస్థానమున అజ్మీరు, ఉదయపూరు ప్రాంతముల పచ్చలు పెగ్మటైటు తాకిన నల్లఅభ్రకపు శిలలో దొరికినవి. గోడ లోపలనే వెదకువాడు వానిని దాటిపోవును.

స్ఫటికముల పుట్టుకను గూర్చియు అభిప్రాయములు మారినవి. నెమ్మదిగా చల్లారినగాని పెద్ద స్ఫటికములు రావను నమ్మికను డేవిడ్ లండన్ ప్రయోగములు సడలించినవి. ఆయన 2008 నాటి ‘పెగ్మటైట్స్’ గ్రంథమున ఈ చర్చ విపులముగా కలదు. ఇంత జరిగినను పొరల విభజన మాత్రము నేటికిని వాడుకలో ఉన్నది.

గని విలువ కట్టుటలోని చిక్కు వేరు. స్ఫటికములు పెద్దవగుటచే బుట్టెడు రాయి తీసి పరీక్షించిన ప్రయోజనము లేదు. ఒక్క స్ఫటికము బుట్టలో పడిన శాతము మిన్నంటును, తప్పిన సున్న. విశాలమైన రాతిముఖముపై స్ఫటికముల వైశాల్యమును కొలుచుట ఇంతకంటె నమ్మదగినది. దానికిని బెరిల్‌ను కంటితో గుర్తింపవలెను గదా! తెల్లని బెరిల్ పలుగురాయివలెనే కనబడి చెత్తదిబ్బకు పోవును. గామా కిరణములు తాకినపుడు బెరీలియం వెలువరించు న్యూట్రానులను లెక్కించు పరికరము తరువాత వచ్చినది. అది తెల్లరాయిని పలుగురాయినుండి వేరుచేయును, మసకరాయిని తేటరాయినుండి వేరుచేయలేదు.