ఆఖరి భాగంలో నిధి ఎవరిది?

చందమామ సీరియళ్ళను అభ్యుదయ విమర్శకులు పట్టించుకున్నది తక్కువ. పట్టించుకున్నప్పుడు కూడా ఒక్క ముక్కతో తేల్చేశారు: భూస్వామ్య భావజాలం, పిల్లల నోట్లో పోసే మత్తుమందు. అలా తేల్చేసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇరవై ఏళ్ళ క్రితం, ఎం.ఏ. తెలుగు ముగించి టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక సాహిత్య సభలో ఇదే వాదనతో పత్రం చదివాను. రాజులు, మంత్రదండాలు, చివరికి పట్టాభిషేకం. ఇందులో శ్రమజీవికి చోటెక్కడ అని నిలదీశాను. చప్పట్లు కొట్టారు. సభ అయిపోయాక ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "బాగానే చెప్పారు మాష్టారూ, ఇంతకీ ఆ సీరియళ్ళు మీరు చివరిదాకా చదివారా?" అని అడిగారు. నేను మాట్లాడలేకపోయాను. ఆ ప్రశ్నకు ఇన్నాళ్ళకు రాస్తున్న జవాబు ఈ వ్యాసం.

నిజానికి నేను చదవలేదు. మా ఊరి గ్రంథాలయంలో పాత చందమామలు బైండు చేసి ఉండేవి. 'భల్లూక మాంత్రికుడు' నేను చదివింది ఆ బైండుల్లోనే. అయితే ఆఖరి భాగం ఉన్న సంచిక ఎవరో చింపుకుపోయారు. కథ "ఇంకా ఉంది" అన్న చోటనే ఆగిపోయింది. ఎనిమిదో తరగతి చదివే నేను ఏడాదిపాటు ఆ చివరి భాగాన్ని రకరకాలుగా ఊహించుకున్నాను. పెద్దయ్యాక పుస్తకంగా దొరికినప్పుడు అసలు ముగింపు చదివి చప్పబడిపోయాను. ఆ నిరాశనే సిద్ధాంతం అనుకుని సభలో చదివానేమోనని ఇప్పుడు అనిపిస్తున్నది.

ముందు చరిత్ర చూద్దాం. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి చందమామను మద్రాసులో ప్రారంభించారు. దాసరి సుబ్రహ్మణ్యం జానపద సీరియళ్ళు అందులో 1954లో 'తోకచుక్క'తో మొదలయ్యాయి. 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయా సరోవరం' వగైరాలు దాటుకుని 1978లో 'భల్లూక మాంత్రికుడు'తో ఆ వరస ఆగింది. మొత్తం పన్నెండు సీరియళ్ళు, ఇరవై నాలుగేళ్ళు. వాటికి ప్రాణం పోసిన బొమ్మలు చిత్రావి. చిత్రా కూడా 1978లోనే కన్నుమూశారు. ఇవి అచ్చంగా కామిక్కులు కావు. అయినా కథలో సగం బొమ్మలోనే నడుస్తుంది. ఒంటికన్ను మాంత్రికుణ్ణి చూసి జడుసుకున్న పిల్లవాడు ముందు బొమ్మకు జడుసుకుని, తరువాతనే అక్షరం చదివాడు.

ఈ సీరియళ్ళ ఆఖరి భాగం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. మాంత్రికుడు చస్తాడు. నిధి దొరుకుతుంది. పోయిన రాజ్యం హక్కుదారుకు చేరుతుంది. పెళ్ళి బాజాలు మోగుతాయి. నెలల తరబడి కొండలూ లోయలూ తిరిగిన కథ చివరి నాలుగు పేజీల్లో కోటలోకి పరుగెత్తుతుంది. అంతదాకా కథను మోసినవాళ్ళు ఎవరు? అడవి దారులు తెలిసినవాళ్ళు, పడవలు నడిపినవాళ్ళు, వేటగాళ్ళు. 'రాకాసిలోయ'లో కేశవుడు తండ్రితో కలిసి అడవిలో వేటాడి బతికే కుర్రవాడు. అలాంటి కుర్రవాణ్ణి నాయకుణ్ణి చేసిన రచయిత చూపు ఎటువైపు ఉన్నదో మనం గుర్తించాలి. కాని కోట తలుపులు తెరుచుకునేసరికి అడవి మనుషులు బొమ్మలో ఓ మూలకు జరిగిపోతారు. ఈ మేరకు నా పాత పత్రంలోని ఆరోపణ ఇప్పటికీ నిలుస్తుంది.

నిలవనిది రెండో ఆరోపణ. ఈ కథలు మంత్రాలమీద నమ్మకం పెంచుతాయని అప్పుడు అన్నాను. తిరిగి చదివితే ఉన్నది దానికి విరుద్ధం. 'తోకచుక్క'లో ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికులు ఒకే సంపద కోసం ఒకరి గొంతు ఒకరు కోసుకోజూస్తారు. వాళ్ళలో దైవత్వం లేదు. ఉన్నది దురాశ, భయం. వాళ్ళ శక్తి అంతా ఏదో ఒక వస్తువులో ఉంటుంది. దాన్ని చేజిక్కించుకుంటే మాంత్రికుడు మామూలు ముసలివాడు. శక్తి పుట్టుకలో లేదు, పనిముట్టులో ఉంది, పనిముట్టు చేతులు మారుతుంది: ఇంతకంటె మంచి హేతువాద పాఠం పదేళ్ళ పిల్లవాడికి ఎలా చెప్పగలం? దాసరి సుబ్రహ్మణ్యం స్వయంగా హేతువాది. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు విరసం వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరు. ఇలాంటి ఇద్దరు కలిసి పిల్లలకు మత్తుమందు పంచారనటానికి కొంచెం ధైర్యం కావాలి. ఆ ధైర్యం అప్పట్లో నాకుండేది.

ముగింపు సంగతికి మళ్ళీ వద్దాం. చందమామ యజమానులే విజయా సంస్థ తరఫున 1951లో 'పాతాళభైరవి' తీశారు. దర్శకుడు కె.వి. రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు. అందులో తోటరాముడు తోటమాలి కొడుకు. నా అంత సంపద తెస్తేనే పిల్లనిస్తానని రాజు షరతు పెడతాడు. మాంత్రికుడి దగ్గర రాముడు వెతుక్కున్నది ఆ సంపదనే. అతణ్ణి అడ్డగించినది డబ్బు అని సినిమా దాపరికం లేకుండా చెప్పింది. ఆఖరి రీలులో రాకుమారి అతనికి దక్కుతుంది. అతను మాత్రం తోటమాలి కొడుకుగానే మిగులుతాడు. నిజానికి వీడూ రాజవంశీకుడే అని ఎవరూ వచ్చి చెప్పరు.

అరవై ఆరేళ్ళ తరువాత సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదు చేరి స్థిరపడ్డాక, కత్తియుద్ధాల కథల్లో అన్నిటికన్నా పెద్దది 'బాహుబలి'. దాని ఆఖరి భాగం 2017లో వచ్చింది. కొండకింద గూడెంలో పెరిగిన శివుడు వీరుడెందుకయ్యాడు? అతని ఒంట్లో రాజరక్తం ఉంది కాబట్టి. పెంచిన తల్లి శ్రమకు కథలో విలువ లేదు, రక్తానికే విలువ. కట్టప్ప మొదట బానిస, చివర కూడా సింహాసనానికి సేవకుడే. హంగులు వెయ్యిరెట్లు పెరిగాయి. ముగింపు మాత్రం తోటరాముడికన్నా వెనక్కి నడిచింది. చందమామ సీరియళ్ళను తప్పుపట్టిన మనం ఈ తిరోగమనాన్ని సాంకేతిక ప్రతిభ చాటున చూడకుండా వదిలేశాం.

నిధి ఎవరిదన్న ప్రశ్న కథ లోపలే ఆగదు. అమెరికాలో మార్వెల్ సంస్థ 'కోనన్ ది బార్బేరియన్' కామిక్కును 1970లో మొదలుపెట్టి 1993లో 275వ సంచికతో ముగించింది. కోనన్ ఏ రాజుకూ వారసుడు కాదు. కత్తితో సింహాసనం ఎక్కే అనాగరికుడు. ఆ పాత్రను సృష్టించిన రాబర్ట్ హోవర్డ్ 1936లోనే పోయాడు. హక్కులు చేతులు మారుతూ వచ్చాయి. అయినా ఆ సంచికల్లో రాసినవారి పేరు, బొమ్మ వేసినవారి పేరు అచ్చయ్యేవి. మన దగ్గర అదీ లేదు. దాసరి సీరియళ్ళు పది పైచిలుకు భాషల్లోకి వెళ్ళాయి. ఆయన పేరు వాటిమీద లేదు. కుటుంబరావు పేరు సంపాదకుడుగా అచ్చు కాలేదు. నెలజీతం తీసుకున్నాక కథ యజమానిది. దాసరి సుబ్రహ్మణ్యం 2010 జనవరిలో చనిపోయారు. ఆ కథల్లో పెరిగిన ఎందరో పాఠకులకు ఆయన పేరు చివరి రోజుల్లోనో, పోయిన తరువాతనో తెలిసింది.

పత్రిక ఆఖరి భాగం కూడా ఈ తీరుగానే నడిచింది. 1998లో కార్మిక వివాదంతో ఆగి, 1999లో మళ్ళీ మొదలైంది. 2007లో జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి పోయింది. మరికొన్నేళ్ళకు అచ్చు నిలిచిపోయింది. కథలో రాజ్యం హక్కుదారుకు చేరుతుంది. బయట వాటాలు కొన్నవాడికి చేరింది.

ఈ ఆలోచనలు పుస్తకాల్లోంచి మాత్రమే వచ్చినవి కావు. నేను మధురానగర్‌లో ఉంటాను, దగ్గరలోని ఒక బడిలో తెలుగు చెబుతాను. పక్కనే కృష్ణానగర్. నా క్లాసులో జూనియర్ ఆర్టిస్టుల పిల్లలున్నారు, సెట్టు వడ్రంగుల పిల్లలున్నారు, దుస్తులు కుట్టేవాళ్ళ పిల్లలున్నారు. ఫిలింనగర్ కోటలను కట్టేది వీళ్ళ నాన్నలు. రాకుమారి పరికిణీకి జరీ అంచు వేసేది వీళ్ళ అమ్మలు. ఎనిమిదో తరగతికి కేశవుడి కథ కొంతదాకా చెప్పి, ఆఖరి భాగం మీరే రాయండి అన్నాను.

ఎక్కువమంది పెళ్ళి, పట్టాభిషేకం రాశారు. దాచటమెందుకు, నా ప్రయోగం చాలావరకు అలాగే ముగిసింది. అయితే దుస్తుల విభాగంలో పనిచేసే ఒకామె కూతురు ఇలా రాసింది: నిధి దొరకగానే దారి చూపినవాళ్ళకూ గుర్రాలు మేపినవాళ్ళకూ ముందు బేటా ఇచ్చెయ్యాలి, ఆ తరువాతే పెళ్ళి. క్లాసు నవ్వింది. అది బేటా కాదమ్మా, బహుమానం అని దిద్దబోయాను. ఆ పిల్ల లేచి నిలబడి, "బహుమానమైతే ఇష్టముంటే ఇస్తారు సార్. బేటా అయితే ఇవ్వాలి" అన్నది. నా ఎర్ర కలం ఆగిపోయింది. 2025 ఆగస్టులో సినీ కార్మికులు ముప్ఫై శాతం వేతన పెంపు అడిగి పద్దెనిమిది రోజులు షూటింగులు ఆపారు. అప్పుడు ఆ పిల్ల ఇంట్లో పెద్దవాళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఆ వాక్యంలో నాకు వినిపించింది.

దీన్నిబట్టి నేను దిద్దుకున్న అభిప్రాయం ఇది. ముగింపునుబట్టి మొత్తం కథను కొట్టిపారెయ్యటం తప్పు. పిల్లవాడి ఊహకు పనిపెట్టేది నడిమి కథ. అందులో శక్తి చేతులు మారుతుంది, అడవివాడు దారి చూపుతాడు. చిన్ననాటి తీపి జ్ఞాపకం పేరుతో ముగింపును క్షమించెయ్యటం కూడా అంతే తప్పు. చందమామ గురించి ఈమధ్య వస్తున్న రాతల్లో ఈ రెండో తప్పే ఎక్కువ. బొమ్మలను తలుచుకుని కళ్ళు తుడుచుకుంటున్నాం. ఆ కథలు రాసినవాడికి ఏం దక్కిందని అడగటం లేదు.

ఆ సీరియళ్ళను బడుల్లోకి తేవాలి. రచయిత పేరు, చిత్రకారుడి పేరు ముందు చెప్పి మొదలుపెట్టాలి. ఆఖరి భాగం చదివేముందు పుస్తకం మూసి, పిల్లలచేత రాయించాలి. ఆ తరువాత దాసరి ముగింపును, వాళ్ళ ముగింపులను పక్కపక్కన పెట్టి చర్చించాలి. ఎవరో చింపుకుపోయిన సంచిక నాకు చేసిన మేలు అదే. అప్పుడు నాకు తెలియలేదు.

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఉంటే ఇలా చెప్పేవాణ్ణి: చివరిదాకా చదివానండి. మాంత్రికుడు చచ్చాడు, పెళ్ళి అయింది. బేటాల లెక్క మాత్రం ఇంకా తేలలేదు.