కుక్క చీలమండ, పిల్లి చీలమండ: ఒకే కొలత చాలదు

కుక్కకో, పిల్లికో కాలు దెబ్బతిన్నచో వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టిన చాలునని తలంచువారు కృష్ణా డెల్టాలో నేటికిని కలరు. ఈ కట్టువైద్యమును పరిశీలించి చూడవలసియున్నది.

మొదటి పొరపాటు అవయవమును గుర్తించుటలోనే జరుగుచున్నది. కుక్క వెనుకకాలిలో వెనుకకు పొడుచుకొని వచ్చిన కీలును పలువురు మోకాలనుకొందురు. నిజమునకది చీలమండ. కుక్క, పిల్లి వ్రేళ్లపై నడచును. వాటి మడమ నేలకానదు. ఏడు చిన్న ఎముకలు గల ఈ భాగమును పైయెముకలతో కలిపి ఇరుప్రక్కల సంధిబంధనములు పట్టియుంచును.

విజయవాడ, గన్నవరముల మీదుగా పోవు 16వ నంబరు జాతీయ రహదారి వంటి చోట వాహనము కాలిని ఈడ్చినపుడు చర్మము, బంధనము, ఒక్కొక్కసారి ఎముక కూడ ఒరసిపోవును. ఇసుక గాయములో దిగబడును. అట్టి గాయమును వెంటనే కుట్టి మూసినచో లోపల చీము పట్టవచ్చును. బిగుతు కట్టు రక్తప్రసారమును అడ్డగించును. కావున గాయమును బాగుగా కడిగి, చచ్చిన కండను తొలగించి, కుట్టక తెరచియుంచి, కట్లు మార్చుచుండవలెను. కీలు కదలకుండ వెలుపల కడ్డీల చట్రము బిగింతురు. తెగిన బంధనమునకు మారుగా ఎముకలలో మరలు దింపి గట్టి దారము కట్టుటయు కలదు.

అయితే కుక్కకు చేసినట్లే పిల్లికిని చేయుట తగదు. కుక్క చీలమండకు ప్రతిప్రక్కను పొడుగు బంధనమొకటి, పొట్టి బంధనమొకటి ఉండును. కాలు చాచినపుడు మొదటిది, ముడిచినపుడు రెండవది బిగియును. పిల్లికి పొడుగు బంధనములు లేవు. కావున కుక్క పొడుగు బంధనమును అనుకరించి కట్టిన దారము పిల్లి కీలుకు సహజమైన ఆధారము కాజాలదు. కీలు పూర్తిగా చెడినపుడు మృదులాస్థిని గీకివేసి, లోహపు పలకతో ఎముకలను అతుకుదురు. అప్పుడును కుక్కకు సుమారు 135 నుండి 145 డిగ్రీలు, పిల్లికి 115 నుండి 125 డిగ్రీలు కోణముంచుట వాడుక. కోణము తప్పినచో ఎముక అతికినను నడక కుంటుపడును.

గన్నవరములో 1998లో పశువైద్య కళాశాల ఏర్పడినది. ఈ శాస్త్రమును బోధించుచోటు డెల్టాలోనే ఉన్నది. కొరత ప్రజల అవగాహనలో కలదు. గాయమును శుభ్రమైన తడిగుడ్డతో వదులుగా కప్పి, ఆనాడే పశువైద్యుని వద్దకు చేర్చుట యజమాని చేయగల మొదటి మేలు. కట్టు వేసిన పిదప వ్రేళ్లు వాచినను, చల్లబడినను మరల వెంటనే చూపవలెను.