కలిసి చదవడం – ఒక పరిశీలన

ఇరాన్ రచయిత్రి అజర్ నఫీసీ 1995లో అధ్యాపక పదవికి రాజీనామా చేసి, ఏడుగురు విద్యార్థినులతో ప్రతి గురువారం తన ఇంట్లో నవలలు చర్చించారు. 2003లో వచ్చిన 'రీడింగ్ లోలితా ఇన్ టెహ్రాన్' ఆ పఠన బృందం కథే. బయట తప్పనిసరైన ముసుగును ఆ గదిలో తీసి, వారు మనసులోని మాట చెప్పుకొనేవారు. బృందం పాఠకులకు ఇచ్చేది ముఖ్యంగా ఈ స్వేచ్ఛే.

నబొకోవ్ నవల 'లోలితా'లో కథ చెప్పేది హంబర్ట్. బాలిక గొంతు మనకు నేరుగా వినబడదు. ఒకరి జీవితాన్ని మరొకరు స్వాధీనం చేసుకోవడమే అందులోని అసలు దౌర్జన్యమని నఫీసీ వివరిస్తారు. అయితే ఆమె గ్రంథంలోనూ విద్యార్థినుల మాటలు గురువు జ్ఞాపకాల ద్వారానే మనకు చేరతాయి. ఇది గ్రంథానికి పరిమితి.

దూరవిద్యలో మీరు ఎక్కువగా ఒంటరిగా చదువుతారు. అధ్యయన కేంద్రంలో నలుగురు కలిసినప్పుడు ఒక కథను చర్చించండి. ఎవరి మాట వారినే చెప్పనివ్వండి.