గోడపై తెల్లని పొర: చేసినదెవరు?

ఇటలీలోని టార్క్వీనియా వద్ద ఎట్రుస్కనులు రాతిలో తొలిచిన భూగర్భ సమాధులు కలవు. వానిలో ‘డాళ్ళ సమాధి’ క్రీ.పూ. 4వ శతాబ్దమునాటిది. దాని రాతి గోడలపై ఒక తెల్లని పొర పట్టియున్నది. తడిగా నున్నపుడు మెత్తగాను, ఎండినపుడు పొడిగాను ఉండు ఇట్టి పొరను పాశ్చాత్యులు ‘చంద్రుని పాలు’ అందురు. ఈ పొర కాల్సైటు అనియు, సూక్ష్మజీవుల వలన పుట్టినదనియు 2018లో ఇటలీ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

దీనిని ‘గోడకు సున్నము వేసినవి బాక్టీరియాలే’ అని కుదించి చెప్పుట సులభము. కాని అది అసలు ప్రశ్నను కప్పివేయును. నీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పొర పట్టుటకు ఏ జీవియు అక్కరలేదు. సున్నపురాతి గుండా ఊరిన నీరు గదిలోని గాలి తగిలి బొగ్గుపులుసు వాయువును కోల్పోయినను కాల్సైటు ఏర్పడును.

అయితే సూక్ష్మజీవులకు ఇందు పాత్ర లేదనుటయు పొరపాటే. కొన్ని బాక్టీరియాలు నత్రజని గల పదార్థములను విచ్ఛిన్నము చేసి అమ్మోనియాను విడుదల చేయును. అందుచే నీటి క్షారత్వము పెరిగి కార్బొనేటు ఏర్పడును. ఋణ విద్యుదావేశము గల వాని కణకవచములు కాల్షియమును ఆకర్షించి, స్ఫటికము మొలకెత్తుటకు చోటిచ్చును.

మరి నిర్ణయించుటెట్లు? గోడపై బాక్టీరియా కనబడుట చాలదు. అది అక్కడ కేవలము నివసించుచుండవచ్చును. పరీక్షనాళికలో కాల్సైటును చేయుటయు చాలదు. తగిన పోషకద్రవములో నేలలోని బాక్టీరియాలు కాల్సైటును చేయుట సర్వసాధారణమని 1973లోనే ‘నేచర్’ పత్రికలో ప్రకటింపబడినది. కనుక చేయగల శక్తి వేరు, చేసిన పని వేరు. సమాధిలోని నీటినే, అక్కడి ఉష్ణోగ్రతనే ఉంచి, జీవులున్న పాత్రను, జీవులను చంపిన పాత్రను పోల్చవలెను. గోడమీది స్ఫటికములు కణములను అంటియే పెరిగినవా యని సూక్ష్మదర్శినితో చూడవలెను. ఈ సాక్ష్యములన్నియు ఒకే మాట చెప్పినపుడే నిర్ణయము బలపడును.

ఇది మాటల తగవు కాదు. పొర నీటి వలన కలిగినదైన నీటిని, గాలిని అదుపు చేయవలెను. జీవుల వలన కలిగినదైన చికిత్స వేరు. ఫ్రాన్సులోని లాస్కో గుహలో 2001లో తెల్లని బూజు పుట్టగా నాశకద్రవ్యములను వాడిరి. తరువాత గోడలపై నల్లని మచ్చలు బయలుదేరినవి. కారణము తేలకముందే మందు వేసినచో, పోయిన చిత్రము తిరిగి రాదు.